ఎగిరే చిమ్మట బట్టలు తినదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇళ్లల్లో పురుగుల నివారణ నా పని. చిమ్మటలు పట్టాయని పిలిచినవాళ్లు చాలాసార్లు ముందుగా ఒక చచ్చిన చిమ్మటను చూపిస్తారు. కాగితంలో పొట్లం కట్టి మరీ దాచి ఉంచుతారు. "మా శాలువా తినేసింది ఇదేనండీ" అంటారు. పాపం, దానికి తినే నోరే లేదు.

అపోహ: ఎగిరే చిమ్మటే బట్టలు కొరుకుతుంది

రెక్కలొచ్చాక బట్టల చిమ్మట ఏమీ తినదు. దాని నోటి భాగాలు తినడానికి పనికిరావు. పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న శక్తితోనే కొన్ని వారాలు బతుకుతుంది, జతకడుతుంది, గుడ్లు పెట్టి చనిపోతుంది. తినేదంతా లార్వాయే, అంటే గుడ్డులోంచి వచ్చే పురుగు పిల్లే. మీగడ రంగు ఒళ్లు, గోధుమరంగు తల, బాగా ఎదిగినా సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కాలరు కింద, జేబు అడుగున, మడత లోపల, ఎక్కడ చీకటిగా ఉండి ఎవరూ కదిలించరో అక్కడ చేరుతుంది.

పైగా మీ కళ్లముందు ఎగిరేవి ఎక్కువగా మగవే. కడుపులో గుడ్లున్న ఆడది ఎగరడం తక్కువ, గబగబా పాకి సందుల్లో దూరడమే ఎక్కువ. కాబట్టి చేతికందిన నాలుగింటిని చప్పట్లతో చంపి హాయిగా నిద్రపోతే లాభం లేదు. ఒక్కో ఆడది 40 నుంచి 50 గుడ్లు పెడుతుంది. వెచ్చని గదిలో అవి నాలుగు నుంచి పది రోజుల్లో పొదుగుతాయి. లార్వా దశ మాత్రం ఒక లెక్కలో ఉండదు. వెచ్చదనం, తిండి దొరికితే రెండు నెలల్లో ముగుస్తుంది, లేకపోతే రెండేళ్ల దాకా సాగొచ్చు. "పోయినేడు పోయాయి, మళ్లీ వచ్చాయి" అన్న మాట విన్నప్పుడల్లా నాకు తోచేది ఒక్కటే: అవి అసలు పోలేదు.

అపోహ: లైటు చుట్టూ మూగేవి బట్టల చిమ్మటలు

కాదు. బట్టల చిమ్మటకు వెలుతురంటే గిట్టదు. దాదాపు 6-8 మిల్లీమీటర్ల పొడవుతో, ఎండుగడ్డి రంగులో మెరుస్తూ ఉంటుంది. బీరువా తలుపు తీయగానే లోపలికి పరుగెత్తుతుంది. రెక్కల మొదలు పాలిపోయి, చివరి సగం రాగిరంగులో ఉన్నది కనిపిస్తే అది వంటింటి చిమ్మట. దానికోసం బట్టలు దులపకండి, పిండి డబ్బాలు చూడండి.

అపోహ: బట్టకు చిల్లు పడిందంటే చిమ్మట పనే

చిమ్మట లార్వాకు కావలసింది కెరటిన్. ఉన్ని, ఈకలు, బొచ్చు, వెంట్రుకలు అన్నీ ఆ ప్రొటీన్‌తో తయారైనవే. దాన్ని అరిగించుకోగల జీవులు చాలా తక్కువ, ఈ పురుగు పేగులో మాత్రం ఆ గట్టి బంధాలు తెగిపోతాయి. పట్టు వేరే రకం ప్రొటీనే అయినా దాన్నీ తింటుంది. నూలు, పాలియెస్టర్ దీని తిండి కాదు. కానీ ఉన్ని కలిసిన బట్టయినా, చెమటో ఆహారపు మరకో అంటిన బట్టయినా పాడవుతుంది. ఉతక్కుండా మడిచిపెట్టిన కోటులో చంకల దగ్గర, మెడ దగ్గర ముందు చిల్లులు పడేది ఇందుకే.

శుభ్రమైన నూలు బట్ట మీద, పుస్తకాల అట్టల మీద గీకినట్టు కనబడితే సిల్వర్‌ఫిష్‌ను, అంటే పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగును అనుమానించండి. ఉన్నిలో విడివిడిగా చిల్లులు ఉండి, గూడు దారాలేమీ లేకుండా బొచ్చుబొచ్చుగా ఉన్న ఖాళీ చర్మాలు దొరికితే అది కార్పెట్ బీటిల్ అనే పెంకు పురుగు పిల్ల. చిమ్మట ఆనవాళ్లు వేరు. సాలెగూడులాంటి సన్నని దారపు గొట్టాలు, ఇసుక రేణువుల్లాంటి పెంట కనిపిస్తాయి. ఆ పెంట ఏ రంగు బట్ట తింటే ఆ రంగులోనే ఉంటుంది. ఎర్ర కంబళి మీద ఎర్ర ఇసుక రాలినట్టు కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: కలరా ఉండలు వేశాం, ఇక టెన్షన్ లేదు

నాకు ఎక్కువ వాదనలు జరిగేది దీని దగ్గరే. నాఫ్తలీన్ ఉండ గట్టిగా ఉన్నట్టే ఉండి నేరుగా ఆవిరవుతుంది. పురుగును చంపేది ఆ ఆవిరే, అదీ బాగా చిక్కగా పేరుకున్నప్పుడు మాత్రమే. గాలి చొరబడని పెట్టెలో, వారాల తరబడి మూత తీయకుండా ఉంచితే పని జరుగుతుంది. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో నాలుగు ఉండలు వేస్తే ఆవిరి గదిలోకి పోతుంది. మీ ముక్కుకు వాసన తగిలిందంటే మందు పురుగు దగ్గర కాదు, మీ ఊపిరితిత్తుల్లో ఉందని అర్థం.

ఈ ఆవిరి గాలి కన్నా బరువు. వాడితే గీతే ఉండల్ని కాగితంలో చుట్టి బట్టల పైన పెట్టాలి, అడుగున కాదు. తీశాక బట్టల్ని బాగా గాలికి ఆరేసి గానీ తొడుక్కోకూడదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లల్ని ఈ ఉండల మధ్య దాచిన బట్టల్లో చుడితే ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదిరిన సందర్భాలున్నాయి. తెల్లగా మిఠాయిలా ఉంటాయి కనుక పాకే పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదమూ ఉంది. పసివాళ్లున్న ఇంట్లో నేనైతే వీటిని వద్దనే చెబుతాను.

అపోహ: దేవదారు చెక్క, లావెండర్ సంచి ఉంటే పురుగు దగ్గరికి రాదు

తాజా దేవదారు నూనె చిన్న లార్వాలను కొంత ఇబ్బంది పెడుతుంది. ఎదిగినవాటికి లెక్కే లేదు, వాసన తగ్గాక చిన్నవాటికీ లెక్కుండదు. లావెండర్ బట్టలకు మంచి వాసన ఇస్తుంది. అంతే.

అపోహ: ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెడితే చాలు

పద్ధతి మంచిదే, ఓపికే చాలదు. ఉన్ని చలిని ఆపడానికే పుట్టింది, మడత మధ్యలో ఉన్న గుడ్డు దాకా ఆ చలి చేరడానికి చాలా సమయం పడుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉంటే నేను రెండు వారాలు చెబుతాను. బట్టను పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి బిగించండి. బయటికి తీశాక వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదిలేయండి, లేకపోతే బట్ట మీదే చెమ్మ చేరుతుంది.

వేడి ఇంకా త్వరగా పని చేస్తుంది. బట్ట లోపలి పొర కూడా 55 డిగ్రీలకు చేరి ఒక గంట నిలిస్తే గుడ్డుతో సహా అన్నీ చస్తాయి. కాకపోతే ఉన్నిని అంత వేడినీళ్లలో ఉతికితే పురుగుతోపాటు స్వెటరూ పోతుంది, ముడుచుకుని పిల్లాడి సైజుకొస్తుంది.

అపోహ: డ్రైక్లీనింగ్ చేయించాం కదా, ఏడాది దాకా భయం లేదు

డ్రైక్లీనింగ్ అప్పటికి ఉన్నవాటిని చంపుతుంది. రేపు వచ్చేదాన్ని ఆపదు. తెచ్చిన రోజే మూత బిగిసే డబ్బాలో పెట్టాలి. ముందు శుభ్రం, తర్వాత మూత. వరస తప్పితే పురుగుని భోజనంతో సహా లోపలేసి తాళం వేసినట్టే.

జిగురు ట్రాపుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాటిలోని ఆడ వాసనకు మగవి మాత్రమే వచ్చి అంటుకుంటాయి. పురుగు ఉందా లేదా, ఏ గదిలో ఎక్కువుంది అని తెలుసుకోవడానికి నేనూ వాడతాను. వాటితోనే వదిలించుకోవాలనుకుంటే కుదరదు.

అపోహ: బీరువా శుభ్రం చేస్తే అయిపోయినట్టే

ఈ తప్పు నేనే చేశాను, పనిలో చేరిన కొత్తలో. ఒక ఇంట్లో రెండుసార్లు బీరువా ఖాళీ చేయించి, మూలమూలా వ్యాక్యూమ్ పెట్టి, బట్టలన్నీ శుద్ధి చేయించాను. మూడో నెలలో మళ్లీ ఫోన్. ఈసారి బీరువా వదిలేసి సోఫాను బోర్లించాను. అడుగు గుడ్డ చినిగి ఉంది, లోపల ఉన్ని కూరు, దాని నిండా దారపు గొట్టాలు. పక్కనే తివాచీని పైపైన రోజూ ఊడుస్తున్నారు గానీ సోఫా కాళ్ల కింది భాగం ఏళ్ల తరబడి వెలుతురు చూడలేదు. కుక్క బొచ్చంతా అక్కడే ఉండకట్టింది.

అప్పటినుంచి నేను బీరువా ఆఖర్న తెరుస్తాను. ముందు తివాచీ అంచులు, సోఫా అడుగు, గోడవారన ఉన్న చీలికలు, పియానో ఉంటే దాని లోపలి ఫెల్టు, అంటే ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ చూస్తాను. తర్వాత అటకమీద, వెంటిలేటర్‌లో పాత పిట్టగూడేమైనా ఉందా అని చూస్తాను. ఈకలు, చచ్చిన పిల్లలున్న ఆ గూడే చాలా ఇళ్లల్లో వీటి పుట్టిల్లు. వ్యాక్యూమ్ క్లీనర్ సంచిని మాత్రం పని అవగానే ఇంటి బయట పారేయిస్తాను. లోపల పోగైన బొచ్చు, దుమ్ము తింటూ అందులోనే పెరగగలవు.