బుగ్గలు పీక్కుపోయేలా చేసిన ఏఆర్‌టీ మాత్ర

హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో మొదటి రోజుల నుంచీ మందులు వాడుతున్న వాళ్లలో కొందరి బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉంటాయి. చేతులు, కాళ్లు సన్నబడి నరాలు పైకి తేలతాయి. జబ్బు ముదిరిందని చూసినవాళ్లు అనుకుంటారు. చాలామందిలో అది చర్మం కింది కొవ్వును కరిగించే స్టావుడిన్ అనే మందు చేసిన పని.

1994లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు మన దాకా చౌకదనం వల్లే వచ్చింది. హెచ్ఐవీ మందులకు సంపన్న దేశాల్లో ఏడాదికి పది వేల డాలర్లకు పైగా అవుతున్న రోజుల్లో, 2001లో మన ఔషధ కంపెనీ సిప్లా స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్‌లను కలిపి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. 2004 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా తీవ్రత ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు వేలమందిని బతికించిన మందుల్లో ఇదీ ఉంది. జిడోవుడిన్ అనే మరో హెచ్ఐవీ మందు రక్తహీనత తెస్తుంది కాబట్టి, అసలే రక్తం తక్కువున్న వాళ్లకు స్టావుడినే రాసేవారు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే.

కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను ఈ మందు దెబ్బతీస్తుంది. అందుకే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, చెప్పులు వేసుకున్నా నడవలేని బాధ. కొందరికి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చేది. కానీ ఎక్కువమందిని కుంగదీసింది ముఖమే. జబ్బు సంగతి అత్తవారింట్లో కూడా చెప్పుకోలేని మనిషికి, అద్దంలో రోజురోజుకూ మారిపోతున్న ముఖం ఎంత భయమో ఊహించండి. అలాంటి భయంతో మాత్రలు మానేస్తే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, మందుకు లొంగకుండానూ పోవచ్చు. ఇలాంటి బాధను 'సర్దుకుపోవాలి' అనే మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో మోతాదును 30 మిల్లీగ్రాములకు తగ్గించమంది. 2009లో ఈ మందును క్రమంగా మానుకోమంది. సంపన్న దేశాలు అప్పటికే దాన్ని చాలావరకు పక్కన పెట్టేశాయి. మన దగ్గర ఆ తర్వాతే టెనోఫోవిర్ అనే మందు ప్రధానమైంది. దానితో కిడ్నీలను కనిపెట్టుకుని ఉండాలి. జతగా ఇచ్చిన ఎఫావిరెంజ్‌తో కళ్లు తిరగడం, పీడకలలు వస్తాయని రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవారు. ఇప్పుడున్న డోలుటెగ్రావిర్ చాలామందికి బాగానే పడుతోంది, కొందరిలో బరువు పెరుగుతోంది, నిద్ర చెడుతోంది.

స్టావుడిన్ ఆపితే కొవ్వు కరగడం ఆగుతుంది. కరిగిపోయింది మాత్రం చాలా నెమ్మదిగా, అదీ కొంతమేరకే తిరిగి వస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లు కొందరిని ఏళ్లు గడిచినా వదలవు.