మెడిసిన్ మధ్యలో రీప్రొడక్టివ్ సైన్స్ డిగ్రీ: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో మెడిసిన్ చదివేవాళ్లు మధ్యలో ఒక ఏడాది ఇంకో డిగ్రీ చేసి, మళ్లీ తమ కోర్సులో చేరవచ్చు. దీన్నే ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ అంటారు. మానవ పునరుత్పత్తి శాస్త్రాన్ని ఎంచుకున్న విద్యార్థుల ప్రాజెక్టులు నేను చూస్తుంటాను. ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: ఏడాది దండగ.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్, యూసీఎల్‌లలో అది ఆరేళ్ల కోర్సులో భాగమే. చాలాచోట్ల మాత్రం ఇష్టమైతేనే. అయితే ఇండియా నుంచి వచ్చి చదివేవాళ్లకు మరో ఏడాది ఫీజు భారం తప్పదు. ఆ లెక్క ముందే చూసుకోండి.

అపోహ: రెండో డిగ్రీ ఉంటే ఉద్యోగానికి పాయింట్లు కలుస్తాయి.

ఒకప్పుడు కలిసేవి. 2023లో ఫౌండేషన్ ప్రోగ్రామ్‌లో (మెడిసిన్ అయ్యాక చేసే మొదటి రెండేళ్ల ఉద్యోగ శిక్షణ) చేరిన బ్యాచ్ నుంచి తీసేశారు. పాయింట్ల కోసమే అయితే వద్దు.

అపోహ: ఐవీఎఫ్ చేయడం వచ్చేస్తుంది.

రాదు. ల్యాబ్‌లో పిండాలను పెంచే ఎంబ్రియాలజిస్టు శిక్షణ వేరు. మానవ పిండాలపై పరిశోధనకు హెచ్‌ఎఫ్‌ఈఏ (బ్రిటన్‌లో ఈ రంగాన్ని నియంత్రించే సంస్థ) లైసెన్సు కావాలి, 14 రోజులు దాటి వాటిని పెంచకూడదు. విద్యార్థులు ఎక్కువగా కబేళా నుంచి తెచ్చిన గొర్రె, ఆవు అండాశయాలతోనో, ఇదివరకే ఉన్న డేటాతోనో పనిచేస్తారు.

అపోహ: ఇది గైనకాలజీకి వెళ్లే అమ్మాయిల సబ్జెక్టు.

నాకు బాగా బాధ కలిగించే మాట ఇదే. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా పరీక్షలన్నీ కోడలికే మొదలవుతాయి. సెమెన్ అనాలసిస్ (వీర్య పరీక్ష) ఎంత జాగ్రత్తగా చేయాలో ఈ ఏడాదిలో తెలుస్తుంది. శాంపిల్ పలచబడే దాకా ఆగాలి. రెండు భాగాలు విడిగా తీసి, ఒక్కో దాంట్లో కనీసం 200 శుక్రకణాలు లెక్కపెట్టాలి. రెండు లెక్కలకూ తేడా బాగా ఉంటే పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. శుక్రకణం తయారు కావడానికి రెండు నెలలకు పైనే పడుతుంది కాబట్టి, ఈమధ్య వచ్చిన గట్టి జ్వరం కూడా రిపోర్టు మార్చేస్తుంది. ఇది తెలిసిన డాక్టరు ఒక్క రిపోర్టు చూసి ‘మీకు పిల్లలు పుట్టరు’ అనరు.

ఈ చదువు జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు), యూరాలజిస్టుకు పనికొస్తుంది. క్యాన్సర్‌కు వైద్యం చేసే ఆంకాలజిస్టుకైతే మరీ. కీమో మొదటి డోసు ఎక్కించకముందే, వీర్యమో అండాలో ఫ్రీజ్ చేసుకోవచ్చని ఆ కుర్రాడికో అమ్మాయికో చెప్పాల్సింది ఆయనే.