జిగురు పెట్టే ముందు: యుద్ధ వాహనాల మోడళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

ఇతరులకు మినియేచర్ మోడళ్లు కట్టి ఇస్తూ, పోటీల్లో నిర్ణేతగా కూడా పనిచేస్తున్నందువల్ల, చిన్న మోడళ్ల సైన్యాలతో, పాచికలతో బల్ల మీద ఆడే వార్‌హామర్ 40,000 యుద్ధక్రీడ ఆడేవారి సందేహాలు నా దగ్గరికి రెండు వైపుల నుంచీ వస్తుంటాయి. వాటిలో చాలావరకు నిబంధనల పుస్తకం తెరిస్తే తీరిపోయేవే. ఒక్కటి మాత్రం అలా తీరదు, ఎందుకంటే దాన్ని అడగడానికి వచ్చేసరికే జిగురు ఆరిపోయి ఉంటుంది.

అపోహ: ప్రస్తుత నిబంధనల్లో ఏ ఆయుధం బలమైనదో కనుక్కొని, ట్యాంకును దానితోనే శాశ్వతంగా అతికించేయాలి.

వాస్తవం: ఈ ఆటలో ఎనిమిదో ఎడిషన్ 2017లో, తొమ్మిదోది 2020లో, పదోది 2023లో వచ్చాయి. రెండు ఎడిషన్ల మధ్య కాలంలోనూ పాయింట్ల (సైన్యంలో చేర్చుకునేవాటికి ఆటలో కట్టే ధర) సవరణలు ఆగవు. మీరు శ్రద్ధగా కట్టిన ట్యాంకు ఇవన్నీ దాటుకొని అల్మారాలో నిలిచే ఉంటుంది. లీమన్ రస్ ట్యాంకు సంగతే చూడండి. తొమ్మిదో ఎడిషన్ తొలి రోజుల్లో ప్రతి ఆయుధానికీ విడిగా పాయింట్లు లెక్కగట్టేవారు కనుక, పక్కల ఉండే స్పాన్సన్ తుపాకులను వదిలేసి ఆ పాయింట్లను మరోచోట వాడుకోవడం తెలివైన పనిగా ఉండేది. చాలామంది ఆ ఖాళీలను మూతపలకలతో మూసి అతికించేశారు. పదో ఎడిషన్‌లో ఆయుధాలకు విడి పాయింట్లు తీసేసి, దళానికంతటికీ ఒకే ధర పెట్టారు. దాంతో స్పాన్సన్లు ఉన్న ట్యాంకుకూ లేని ట్యాంకుకూ పాయింట్లు సమానమయ్యాయి. నిన్నటిదాకా పొదుపనుకున్నది ఒక్కసారిగా నష్టమైంది. మోడల్ మీద కనిపించే ఆయుధాన్నే ఆటలో వాడాలని పట్టుబట్టే పోటీల్లో, స్పాన్సన్లు ఉన్నట్టు ఊహించుకోండని ఎదుటివారిని అడగడానికి కూడా వీలుండదు.

ఇక పుకార్లు. మసక ఫొటో ఒకటి బయటికి రాగానే ఫలానా తుపాకీ పనికిరాకుండా పోతుందని, ఫలానా ట్యాంకునే తీసేస్తున్నారని ప్రచారం మొదలవుతుంది. అది నమ్మి ఆరిన అతుకులను విరగ్గొట్టుకున్నవారిని నేను చూశాను. అచ్చయిన నిబంధన చేతికి రాకముందు మోడల్ మీద కత్తి పెట్టడానికి ఏ కారణమూ లేదు. తయారీ ఆగిపోయిన మోడళ్లలో చాలావాటికి లెజెండ్స్ పేరుతో నిబంధనలు ఇస్తూనే ఉన్నారు. పోటీలకు అవి సాధారణంగా చెల్లకపోయినా, స్నేహితులతో ఆడుకోవడానికి ఏ అడ్డంకీ ఉండదు. తన సైన్యమంతా వృథా అయిపోతుందన్న భయంతో నిద్ర మానుకునేవారికి ఈ ఒక్క మాట చెబితే ఎంత ఊరట కలుగుతుందో నాకు తెలుసు.

ఒక పోటీ ముందురోజు సాయంత్రం ఒక కుర్రవాడు మూతపలకలు అతికించిన లీమన్ రస్‌ను తెచ్చి, "అన్నా, ఇవి ఊడతాయా?" అని అడిగాడు. ఫ్రీజర్‌లో పెడితే ఊడుతుందని ఎవరో చెబితే, పాపం, రాత్రంతా పెట్టి చూశాడట. ఆ చిట్కా సూపర్ గ్లూ అతుకులకు పనిచేస్తుంది, ఎందుకంటే ఆ జిగురు చల్లబడితే పెళుసుబారుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ సంగతి వేరు. అది మోడల్ తయారైన పాలీస్టైరీన్ ప్లాస్టిక్ ఉపరితలాలను కరిగించి, రెండు ముక్కలనూ ఒకే ముక్కగా కలిపేసి, తాను ఆవిరైపోతుంది. అక్కడ ఊడదీయడానికి జిగురంటూ మిగలదు. పలకను రంపంతో కోస్తే పక్కనున్న రివెట్ల వరుస పాడవుతుంది కనుక దాని జోలికి పోలేదు. పలక నడుమ 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి అయస్కాంతం దించాము. స్పాన్సన్ వెనుక అంచును ఆకురాయితో పలుచగా అరగదీసి, అందులో రెండోది కూర్చాము. దగ్గరికి తీసుకెళ్లగానే స్పాన్సన్ టక్కున అతుక్కుంది. అది కాస్త బయటికి పొడుచుకొచ్చిన మాట నిజమే గానీ, ఆటబల్ల మీద ఎవరూ గమనించలేదు.

అదే పని మొదట్లోనే చేస్తే ఇంకా తేలిక. టరెట్‌ను, అంటే ట్యాంకు పైన తిరిగే తుపాకీ గోపురాన్ని, అసలు అతికించకుండా దాని గుంటలో ఊరికే కూర్చోబెడితే చాలు, తిరుగుతుంది, మార్చుకోవచ్చు. మిగతా ఆయుధాలకు 3 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు సరిపోతాయి. ముందు సన్నని డ్రిల్ బిట్‌తో గుర్తుపెట్టి, ఆ తర్వాతే పెద్ద బిట్ వాడాలి. లేకపోతే రంధ్రం పక్కకు జారుతుంది. అయస్కాంతాల దొంతర నుంచి ఒక్కొక్కటీ తీసేటప్పుడు పైముఖం మీద మార్కర్‌తో చుక్క పెట్టి, ట్యాంకు వైపు వాటన్నిటికీ చుక్క బయటికి, ఆయుధం వైపు వాటన్నిటికీ చుక్క లోపలికి ఉండేలా అమర్చండి. ధ్రువాలు తారుమారయ్యే సమస్యే రాదు. లోహం కనుక ఇక్కడ సూపర్ గ్లూనే వాడాలి. అది పూర్తిగా గట్టిపడేదాకా రెండో అయస్కాంతాన్ని దగ్గరికి తేవద్దు, తెస్తే మొదటిది గుంటలోంచి లేచి వచ్చేస్తుంది. డ్రిల్ అంటే భయపడేవారు బ్లూ టాక్ (మళ్లీ ఊడదీయగలిగే మెత్తని బంక) ముద్ద పెట్టి నిలబెట్టుకున్నా తప్పేమీ లేదు.

మిగిలిన అపోహలు ఇంత నష్టం చేసేవి కావు. ట్యాంకు వెనుకవైపు కొడితే సులువుగా పోతుందనేది పాత ఆటగాళ్లు చెప్పే మాట. మూడో ఎడిషన్ నుంచి ఏడో ఎడిషన్ దాకా అది నిజం. లీమన్ రస్‌కు ముందు కవచం 14 ఉంటే, వెనుక 10 మాత్రమే ఉండేది. 2017 నుంచి వాహనాలకూ సైనికుల్లాగే టఫ్‌నెస్ (దెబ్బకు తట్టుకునే గట్టిదనం), వూండ్లు (నాశనమయ్యే లోపు భరించగల గాయాలు) వచ్చాయి, దిక్కుల తేడా పోయింది. రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా సాగే బోల్ట్ యాక్షన్‌లో మాత్రం పక్క నుంచి, వెనుక నుంచి తగిలే దెబ్బకు ఇప్పటికీ అదనపు బలం ఉంది. కాబట్టి ఏ ఆట, ఏ ఎడిషన్ అన్నది ముందు చూసుకోండి.

సామాన్య సైనికుడి లాస్‌గన్ తుపాకీ ల్యాండ్ రైడర్ లాంటి భారీ ట్యాంకును పేల్చేస్తుందన్న ఫిర్యాదు కూడా వార్‌హామర్‌లో ఆ 2017 మార్పుతోనే పుట్టింది. పదో ఎడిషన్‌లో లెక్క వేద్దాం. పాచిక మీద 4 గానీ అంతకుమించి గానీ (4+) పడితే తగలాలి, 6 పడితే (6+) గాయం కావాలి, ఆపైన ట్యాంకు కవచం కాచే 2+ సేవ్ తప్పాలి: అంటే సగటున 72 కాల్పులకు ఒక్క వూండ్. ల్యాండ్ రైడర్‌కు ఉన్నవి 16. అంటే 1,152 కాల్పులు. దీని గురించి ఆందోళన అనవసరం.

కాల్చడానికి గురిపెట్టేటప్పుడు యాంటెన్నా కనిపిస్తే ట్యాంకు కనిపించినట్టేనా అన్న ప్రశ్నకు, పదో ఎడిషన్‌లో మోడల్‌లో ఏ భాగం కనిపించినా కనిపించినట్టే అన్నది జవాబు. కొన్ని పాత ఎడిషన్లలో యాంటెన్నాలను లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆట మొదలుకాకముందే ఎదుటివారితో మాట్లాడుకుంటే ఈ గొడవ ఉండదు; అందుకోసం యాంటెన్నాను కోసేయకండి.

రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) ట్యాంకులు కట్టేవారికి ఒక హెచ్చరిక అవసరం. ప్లాస్టిక్ సిమెంట్ రెసిన్‌ను కరిగించదు కనుక దాన్ని అతికించలేదు. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. అచ్చు నుంచి తీయడానికి పూసిన నూనె పొర రంగును పట్టనివ్వదు కాబట్టి ముందుగా గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగాలి. వంగిన తుపాకీ గొట్టాన్ని వేడి నీళ్లలో ఉంచి, నిటారుగా సర్ది, చల్లని నీళ్లలో ముంచితే అలాగే నిలుస్తుంది. అరగదీసేటప్పుడు లేచే రెసిన్ పొడి ఊపిరితిత్తులకు హానికరం: మాస్కు పెట్టుకొని, నీళ్లతో తడుపుతూ అరగదీయండి, చిన్నపిల్లలు తిరిగే గదిలో ఆ పని పెట్టుకోకండి.