స్పోర్ట్స్ బోటు అమ్మి ఫ్లైబ్రిడ్జ్ కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు: ‘తక్కువ గంటల’ మాయలేడి

పిల్లలు పొడుగయ్యారు, స్పోర్ట్స్ బోటు క్యాబిన్‌లో నలుగురు పడుకోవడం కుదరట్లేదు, వాన వస్తే కూర్చునే చోటు లేదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సోలెంట్ జలసంధి చుట్టుపక్కల, పడవ మార్చాలనుకునే కుటుంబాలు చెప్పే కారణాలు దాదాపు ఇవే. వెతుకులాట 36 నుంచి 42 అడుగుల పాత ఫెయిర్‌లైన్, ప్రిన్సెస్, సీలైన్ కంపెనీల ఫ్లైబ్రిడ్జ్‌ల (పైకప్పు మీద నుంచి కూడా నడపగలిగే పడవల) దగ్గర ఆగుతుంది. ప్రకటనలో మొదటి వరుస: ‘20 ఏళ్ల పడవ, ఇంజన్లు 380 గంటలే తిరిగాయి’. అది చూడగానే మనసు పారేసుకుంటారు. జేబుకు చిల్లు పడేది కూడా అక్కడే.

అపోహ: గంటలు తక్కువైతే ఇంజన్ కొత్తదానితో సమానం.

కాదు. 380ని 20తో భాగించండి. ఏడాదికి 19 గంటలు. అంటే ఆ ఇంజన్ ఏడాదిలో 364 రోజులకు పైగా ఉప్పునీటిని కడుపులో పెట్టుకుని కదలకుండా నిలబడింది. సముద్రపు డీజిల్ ఇంజన్‌ను అరగదీసేది తిరగడం కాదు, నిలబడి ఉండటం. పొలంలో మోటారును రెండేళ్లు నడపకుండా వదిలేసి స్విచ్ వేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

లోపల జరిగేది ఇది. ఇంజన్ ఆపగానే, దాన్ని చల్లబరిచే ఉప్పునీరు ఆఫ్టర్‌కూలర్‌లో (ఇంజన్ పీల్చే గాలిని చల్లబరిచేది), హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (కూలెంట్‌ను చల్లబరిచేది), ఆయిల్ కూలర్‌లో, ఎగ్జాస్ట్ ఎల్బోలో (పొగ బయటికి పోయే వంపు గొట్టం) అలాగే ఉండిపోతుంది. ఎల్బో లోపలి నుంచి తినుకుపోతుంది, బయటికి పెయింటు నిగనిగలాడుతుంటుంది. పైన పటారం, లోన లొటారం. ఎల్బో తూట్లు పడ్డాక నీరు ముందు టర్బోలోకి (ఇంజన్‌లోకి గాలిని నెట్టే చక్రం), తర్వాత సిలిండర్‌లోకి దిగుతుంది. ఎల్బో బాగున్నా సరే, తడి ఉప్పుగాలి ఎగ్జాస్ట్ గొట్టం గుండా పైకెక్కి, ఏ సిలిండర్‌ వాల్వ్ తెరిచి ఉందో అందులో రింగులకు, గోడలకు తుప్పు పట్టిస్తుంది. శీతాకాలమంతా నిలబడ్డ టర్బో వసంతంలో బిగుసుకుపోవడం మామూలే. ఇంపెల్లర్ (ఉప్పునీటిని తోడే పంపులోని రబ్బరు చక్రం) రెక్కలు ఒకే వంపులో గట్టిపడతాయి. రబ్బరు హోసులు, సీళ్లు గంటలు చూసి పాడవవు, క్యాలెండర్ చూసి పాడవుతాయి.

ఇలాంటి పాత పడవల్లో తరచూ కనిపించే వోల్వో పెంటా 41, 42 శ్రేణి ఇంజన్లనే తీసుకోండి. 3.6 లీటర్లు, ఆరు సిలిండర్లు, గట్టి ఇంజన్. దాని బలహీనత ఆఫ్టర్‌కూలర్. లోపల గొట్టాల్లో ఉప్పునీరు, బయట ఇంజన్ పీల్చే గాలి. గొట్టం కారితే ఆ నీరు నేరుగా సిలిండర్ దారి పడుతుంది. కేసింగ్ అడుగున చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది. అది నూనె జిడ్డుతో మూసుకుపోతే లీకు ఉన్నా బయటపడదు, నీరంతా లోపలే చేరుతుంది. సన్నని తీగ పెట్టి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. ఉప్పునీటి చుక్క వస్తే బేరం అక్కడే ఆపేయండి.

ఇంకో సంగతి చాలామంది కొనుగోలుదారులకు తట్టదు. జంట ఇంజన్ల పడవలో రెండు ఇంజన్లూ ఒకే అమరికవి. కాబట్టి ఒక ఇంజన్ ఆఫ్టర్‌కూలర్ పడవ మధ్యవైపు, చేతికి అందేలా ఉంటుంది. రెండోదానిది ఇంధన ట్యాంకుకో పడవ గోడకో ఆనుకుని ఉంటుంది. ఏది ఇరవై ఏళ్లుగా విప్పలేదో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. సెలూన్ (పడవలో కూర్చునే గది) నేల పలకలు లేపగానే ఎదురుగా కనిపించే ఇంజన్ చూసి తృప్తిపడకండి. టార్చి, చిన్న అద్దం పట్టుకుని అటువైపు వంగండి. తెల్లని ఉప్పు చారలు, పచ్చని చిలుము, కొత్తగా పూసిన పెయింటు, ఈ మూడూ అక్కడే దొరుకుతాయి.

మరి కాగితాల్లో ఏం చూడాలి? సర్వీసు బుక్కులో ముద్రలు కాదు, బిల్లులు. నూనె, ఫిల్టర్లు, ఇంపెల్లర్ ఏటా మారాయా? కూలెంట్ రెండేళ్లకోసారి మారిందా? ఆఫ్టర్‌కూలర్, హీట్ ఎక్స్‌ఛేంజర్ మూడు నాలుగేళ్లకోసారి విప్పి, కడిగి, పీడనంతో పరీక్షించారా? ఎల్బోలు ఎప్పుడు విప్పి చూశారు? ఇంపెల్లర్ రెక్కలు విరిగిన దాఖలా ఉంటే ఆ ముక్కలు దొరికాయా? దొరక్కపోతే అవి ఏదో ఒక కూలర్ నోట్లో ఇరుక్కుని ఉంటాయి. ఏటా 70, 80 గంటలు తిరిగి, ఈ బిల్లులన్నీ ఉన్న 1500 గంటల ఇంజన్‌ను, బిల్లు ఒక్కటీ లేని 380 గంటల ఇంజన్ కంటే ముందు ఎంచుకోవాలి. ఈ మాట చెబితే ముఖం మాడ్చుకునేవాళ్లే ఎక్కువ. గంటల మీటరు మార్చడం కష్టమేమీ కాదు, అది కూడా గుర్తుంచుకోండి.

సీ ట్రయల్ (పడవను నీటిలో నడిపి చూసే పరీక్ష) రోజు ముందుగా ఇంజన్ మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోండి. మొదటి స్టార్ట్ చూడకపోతే సగం పరీక్ష పోయినట్టే. చల్లని ఇంజన్ కొన్ని సెకన్లలో అందుకోవాలి. కాసేపు తెల్లపొగ రావడం సహజం, ఇంజన్ వేడెక్కాక కూడా అది పోకపోతే ఇంధనం సరిగ్గా కాలట్లేదనో, నీరు చేరుతోందనో అర్థం. నీలిపొగ అంటే నూనె కాలుతోంది. నల్లపొగ అంటే భారం ఎక్కువైంది, లేదా గాలి చాలట్లేదు.

సముద్రంలోకి వెళ్లాక పూర్తి థ్రాటిల్. 41 శ్రేణి 200 హార్స్‌పవర్ ఇంజన్ 3800 ఆర్‌పీఎం అందుకోవాలి. పది నిమిషాలు అక్కడే ఉంచి ఉష్ణోగ్రత చూడండి. ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే కూలర్లు పూడుకున్నాయి. 300 ఆర్‌పీఎం తగ్గితే ‘అడుగున నాచు పట్టిందండీ’ అంటారు. అయుండొచ్చు. అయితే అడుగు కడిగించి మళ్లీ నడిపించమనండి. కడిగినా అందకపోతే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైనా ఉండాలి, ఇంజన్ అలిసిపోయైనా ఉండాలి. తిరిగొచ్చాక, ఇంజన్ నడుస్తుండగానే, నూనె పోసే మూత తీసి చూడండి. పొగ బుసబుసమని ఎగదన్నితే రింగులు అరిగాయి. నూనె శాంపిల్ ల్యాబుకు పంపండి, సోడియం కనిపిస్తే ఉప్పునీరో కూలెంటో లోపలికి వస్తోంది. పోయిన వారమే నూనె మార్చారంటే ఆ శాంపిల్ పంపడం దండగ.

ఇవన్నీ సర్వేయర్ చూసుకుంటాడులే అనుకోవడం దీనికి తోబుట్టువు లాంటి అపోహ. మామూలు కొనుగోలు సర్వే పడవ ఒడ్డెక్కించి హల్ (పడవ ఒళ్లు), డెక్, షాఫ్టులు, గ్యాస్, వైరింగ్ చూస్తుంది. ఇంజన్‌ను పైపైన చూసి, వేరే ఇంజనీరుతో చూపించుకోండని రాస్తుంది. ఆ వాక్యం నివేదికలో ఎక్కడో ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. ఆ బ్రాండు ఇంజన్లు తెలిసిన ఇంజనీరును విడిగా మాట్లాడుకోండి. బయానా సాధారణంగా పది శాతం. సర్వే, సీ ట్రయల్, ఇంజన్ పరీక్ష మూడూ సంతృప్తిగా ఉంటేనే కొంటామని ఒప్పందంలో రాయించాకే అది కట్టండి. పరీక్షలో తేలిన ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. అన్నీ బాగున్నాయన్నా సరే, కొన్న ధరలో పదో వంతు మొదటి ఏడాది పనులకు పక్కన పెట్టండి.

మిగతావి చకచకా చెప్పేద్దాం.

‘అంత పెద్ద పడవ మెరీనాలో తిప్పలేం.’ ఈ భయం న్యాయమైనదే, కానీ అనవసరం. స్పోర్ట్స్ బోటుల్లో మామూలుగా ఉండే స్టెర్న్‌డ్రైవ్‌లో (పడవ వెనక బయటికి వేలాడే డ్రైవ్) వీల్ తిప్పితే ప్రొపెల్లరే పక్కకు తిరుగుతుంది. ఇలాంటి ఫ్లైబ్రిడ్జ్‌ల్లో కనిపించే షాఫ్టుల పడవలో ప్రొపెల్లర్ పక్కకు తిరగదు, నెమ్మది వేగంలో చుక్కాని పెద్దగా పనిచేయదు. అందుకే మొదటి వారం అందరూ వీల్‌ను తెగ తిప్పి, పడవ వినట్లేదని కంగారుపడతారు. వీల్ మధ్యలో పెట్టి వదిలేయండి. ఒక ఇంజన్ ముందుకు, ఇంకోటి వెనక్కి వేస్తే పడవ ఉన్నచోటే తిరుగుతుంది. ఒంటి స్టెర్న్‌డ్రైవ్ కంటే ఇదే తేలిక. అసలు శత్రువు గాలి. ఎత్తయిన పక్కలకు తెరచాపకు తగిలినట్టే తగులుతుంది, ముందు ముక్కు కొట్టుకుపోతుంది. బౌ థ్రస్టర్‌ను (ముక్కును పక్కకు నెట్టే చిన్న ప్రొపెల్లర్) ఒక్కోసారి రెండు మూడు సెకన్లు మాత్రమే నొక్కండి. అదేపనిగా నొక్కితే వేడెక్కి, కావలసిన సమయానికి ఆగిపోతుంది.

‘డీజిల్‌కే ఆస్తులు అమ్ముకోవాలి.’ వేగాన్ని బట్టి ఉంటుంది. పూర్తి శక్తి మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 0.22 లీటర్లు వేసుకోండి. రెండు 200 హార్స్‌పవర్ ఇంజన్లకు గంటకు 88 లీటర్లు. 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగం దగ్గర గంటకు 65 లీటర్ల వరకు, అంటే నాటికల్ మైలుకు మూడు లీటర్ల పైచిలుకు. ఏడు నాట్లకు దిగితే గంటకు పది, పన్నెండు లీటర్లే. మెరీనా అద్దె మాత్రం పడవ పొడవును బట్టి. ప్రకటనలో రాసిన అడుగులు నమ్మకుండా వెనక ప్లాట్‌ఫాం, ముందు లంగరు కలిపి కొలవండి.

ఆస్మోసిస్ (ఫైబర్‌గ్లాస్ హల్‌లోకి నీరు ఇంకి బొబ్బలు లేవడం) పేరు వినగానే పారిపోకండి. కొన్ని బొబ్బలకు పడవలు మునగవు, ధర తగ్గించమనడానికి అది మంచి సాకు.

కాగితాల దగ్గర మాత్రం తొందర వద్దు. బ్రిటన్‌లో చిన్న పడవల నమోదు జాబితా అయిన స్మాల్ షిప్స్ రిజిస్టర్ పత్రం యాజమాన్యానికి రుజువు కాదు, అప్పులూ అందులో నమోదు కావు. పడవ బ్రిటన్ నౌకల రిజిస్టర్‌లోని పార్ట్ 1లో ఉంటే మార్ట్‌గేజ్ ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. మొదటి వ్యాట్ బిల్లు, వరుసగా అన్ని బిల్స్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రాలు) అడగండి. ఫ్రాన్స్‌లోనో స్పెయిన్‌లోనో ఉంచాలనే ఆలోచన ఉంటే, బ్రెగ్జిట్ పరివర్తన గడువు ముగిసిన క్షణంలో, అంటే బ్రిటన్ సమయం ప్రకారం 2020 డిసెంబర్ 31 రాత్రి 11 గంటలకు, ఆ పడవ ఎక్కడ ఉందో రుజువు కావాలి. అప్పుడు బ్రిటన్‌లో ఉన్నది ఐరోపా యూనియన్ వ్యాట్ హోదా కోల్పోయింది. బ్రిటన్‌లో నివసిస్తూ సెలవులకు తీసుకెళ్లేవాళ్లకు 18 నెలల తాత్కాలిక అనుమతి ఉంది. అక్కడే స్థిరపడేవాళ్లు మళ్లీ వ్యాట్ కట్టాలి, ఆ మొత్తాన్ని ధర మాట్లాడేటప్పుడే కలిపి చూసుకోండి.