మైదానం మన మాటేనా?

చిన్నూకీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జమ్మ అడిగింది కదా, "ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో నడిబొడ్డున ఉన్న చోటు పేరు మైదాన్ అట తాతయ్యా, మన మాట అంత దూరం ఎలా వెళ్లింది?" అని. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మన దగ్గర్నుంచి వెళ్లలేదమ్మా. వాళ్లకూ మనకూ కూడా అది ఇరాన్‌వాళ్ల పారసీ భాష సొమ్మే. చివర 'అం' ఉంది కాబట్టి సంస్కృతమేమో అన్నావు. ఆ 'అం' మనం తగిలించిందే. దుకాన్ దుకాణమైనట్టు, కాగజ్ కాగితమైనట్టు మైదాన్ మైదానమైంది. అలాగని అంతకుముందు మనకు మాట లేకపోలేదు. 'బయలు' ఉంది, ఎంత చక్కని మాటో! పాడేరు దగ్గర పెదబయలు అనే ఊరి పేరులో ఇప్పటికీ వినిపిస్తుంది. నేను ఆ వైపు పనిచేసిన రోజుల్లో అక్కడివాళ్లు కొండ కింది ఊళ్లన్నిటినీ కలిపి 'మైదాన ప్రాంతం' అనేవారు. మీ భూగోళం పుస్తకంలో పీఠభూముల పక్కన ఉండే మైదానం అదే. మీరు 'గ్రౌండ్' అంటున్నదీ అదే.

ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ అనే రాజు 1598 ప్రాంతంలో ఒక మైదాన్ కట్టించడం మొదలుపెట్టాడు. పేరు నఖ్షె జహాన్. పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160. అంటే మీ ఫుట్‌బాల్ మైదానాలు అయిదు వరసగా పట్టేంత. చుట్టూ మసీదులు, రాజుగారి మేడ, బజారు. నడుమ గుర్రాల మీద చౌగాన్ ఆడేవారు, ఇప్పుడు పోలో అంటున్నామే, ఆ ఆట. రాజు మేడమీది వసారాలో కూర్చుని చూసేవాడు. గోలు కోసం పాతిన రాతి స్తంభాలు ఇంకా అక్కడే ఉన్నాయి. చిన్నూ, నీకు అవే ముందు చూడాలనిపిస్తుందని నాకు తెలుసు.

తుర్కులు ఈ మాటను మెయ్‌దాన్ అన్నారు. ఇస్తాంబుల్‌లో రోమన్లు రథాల పందేలు పెట్టిన చోటును 'అట్ మెయ్‌దానీ', గుర్రాల మైదానం, అని పిలుచుకున్నారు. తుర్కు భాషల మీదుగానే అది ఉక్రెయిన్ చేరింది. 2013-14లో కీవ్ జనం గడ్డకట్టే చలిలో నెలల తరబడి ప్రభుత్వం మీద నిరసనగా ఆ మైదాన్‌లో నిలబడ్డాక, అక్కడ ఆ మాటకు జనం ఒక్కటై నిలబడటమనే అర్థం కూడా గట్టిపడింది.

కలకత్తా మైదాన్ కథ వేరు. ఇప్పుడు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారు కానీ, అది ఆట కోసం ఏర్పడలేదు. 1757 ప్లాసీ యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్లు కొత్త కోట కట్టారు. ఫిరంగి గుండుకు అడ్డేమీ ఉండకూడదని చుట్టూ అడవి నరికించారు, గోవిందపూర్ అనే ఊరినే లేపేశారు. ఆ పచ్చిక మీద నడిచినప్పుడల్లా నాకు ఆ ఊరివాళ్లే గుర్తొస్తారు.

మన హైదరాబాద్‌లో ఎల్బీ స్టేడియం పాత పేరు ఫతే మైదాన్. ఫతే అంటే గెలుపు. 1687లో గోల్కొండను పట్టిన ఔరంగజేబు సేన అక్కడ విడిది చేసిందని చెబుతారు.

ఇంకొక్కటి. కైరోలో తహ్రీర్ మైదాన్, ముంబయిలో ఆజాద్ మైదాన్, కీవ్‌లో మైదాన్ నెజలెజ్నోస్తి, జకార్తాలో మెదాన్ మెర్దెకా. నాలుగు పేర్లలోనూ ఉన్నది విముక్తి, స్వేచ్ఛ, స్వాతంత్ర్యమే. జకార్తాలో ఉన్నది డచ్చివాళ్ల హయాంలో 'రాజుగారి మైదానం'. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మార్చుకున్నారు. ఆ 'మెర్దెకా' ఎక్కడిదో తెలుసా? సంస్కృతంలోని 'మహర్ధిక'. నువ్వు వెతికిన సంస్కృతం జకార్తాలో మైదానం పక్కనే ఉంది బుజ్జమ్మా.

మీ
తాతయ్య