ఫైర్‌వాల్ కంపెనీల వంశవృక్షం

చిరంజీవులు కావ్యకు, రిషికి తాతయ్య దీవెనలు.

స్కూల్ వైఫైలో గేమ్ తెరిస్తే బ్లాక్ అవుతోందని, దానికెలా తెలుస్తుందని రిషి అడిగాడు కదా. అది చెప్పాలంటే ఒక కంపెనీ కథ చెప్పాలి.

నేను బేగంపేటలో ఒక ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునే రోజుల్లో మా సర్వర్ రూమ్‌లో చెక్‌పాయింట్ అనే కంపెనీ వారి ఫైర్‌వాల్ ఉండేది. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్ గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే డేటాలో దేన్ని వదలాలో దేన్ని ఆపాలో చూసే కాపలాదారు. గిల్ ష్వెడ్, మారియస్ నాక్ట్, ష్లోమో క్రేమర్ అనే ముగ్గురు కుర్రాళ్లు 1993లో ఇజ్రాయెల్‌లో పెట్టిన కంపెనీ అది. ష్వెడ్ సైన్యంలో, 8200 అనే నిఘా విభాగంలో పనిచేసి వచ్చినవాడు.

అంతకుముందు ఫిల్టర్లు ప్రతి ప్యాకెట్‌నూ (నెట్‌లో వెళ్లే డేటా ముక్కను) విడిగా, అడ్రసు చూసి వదిలేవి. వీళ్లది గుర్తుపెట్టుకునే వాచ్‌మన్ లాంటిది: 302 ఫ్లాట్ వాళ్లు ఆర్డర్ పెట్టారని తెలిస్తేనే డెలివరీ అబ్బాయిని లోపలికి పంపుతాడు. లోపలివాళ్లు అడిగినదానికి జవాబైతే సరే, పిలవకుండా వస్తే గేటు దగ్గరే ఆపేస్తాడు. దీన్నే స్టేట్‌ఫుల్ ఇన్‌స్పెక్షన్ అంటారు.

స్క్రీన్ మీద రూల్స్ వరసగా ఉండేవి: ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఏ సర్వీసు, వదలాలా ఆపాలా. పైనుంచి చూసుకుంటూ వస్తే ఏది ముందు సరిపోతే అదే అమలు. అట్టడుగు రూల్ మాత్రం ఎప్పుడూ ఒకటే, మిగతావన్నీ డ్రాప్, అంటే ఆపేయడమే. కొత్త రూల్ దాని కింద పెడితే ఎంత మొత్తుకున్నా పనిచేయదు! కంపెనీ 1996లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్ ఎక్కింది. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ కోర్సుల బ్యానర్ల పక్కన చెక్‌పాయింట్ పేరు కూడా కనిపించేది.

చెక్‌పాయింట్‌లో పనిచేసిన నీర్ జూక్ బయటికొచ్చి వన్‌సెక్యూర్ అనే కంపెనీ పెట్టాడు. దాన్ని 2002లో నెట్‌స్క్రీన్ అనే ఇంకో ఫైర్‌వాల్ కంపెనీ కొంది, నెట్‌స్క్రీన్‌ను 2004లో సుమారు 400 కోట్ల డాలర్లకు జునిపర్ అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ కొంది. అక్కడా కుదురుకోక 2005లో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అనే సొంత ఫైర్‌వాల్ కంపెనీ మొదలుపెట్టాడు. చెక్‌పాయింట్ పెట్టిన ముగ్గురిలో ఒకడైన క్రేమరే అందులో మొదట్లో డబ్బు పెట్టాడు చూడండి!

పాత ఫైర్‌వాల్‌లలో జూక్ పట్టుకున్న లోపం ఇది. అప్పటికి చాట్, వీడియో, గేమ్ అన్నీ మామూలు వెబ్ పేజీలు వెళ్లే 80వ పోర్టులోంచే (పోర్టంటే ఒక్కో సర్వీసుకు కేటాయించిన నంబరు తలుపు) వెళ్తున్నాయి. పోర్టు నంబరు చూసి లాభం లేదు, లోపలున్నది ఏ యాప్ అన్నది దాని నడక బట్టి పోల్చుకోవాలి. రిషీ, నీ గేమ్ దొరికిపోయేది కూడా చాలావరకు ఇలాగే.

నెట్‌స్క్రీన్ పెట్టినవాళ్లలో ఒకరైన కెన్ షీ 2000లోనే తమ్ముడితో కలిసి ఫోర్టినెట్ అనే మరో ఫైర్‌వాల్ కంపెనీ పెట్టాడు. ఇలా అంతా చుట్టరికమే.

పాత కంపెనీ చెక్‌పాయింట్ చేతులు ముడుచుకు కూర్చుందనుకోకండి. 2005లో సోర్స్‌ఫైర్ అనే అమెరికా కంపెనీని 22.5 కోట్ల డాలర్లకు కొనబోయింది. దేశ భద్రత పేరుతో అక్కడి ప్రభుత్వం అభ్యంతరం చెప్పేసరికి 2006లో బేరం వదులుకుంది. అదే సోర్స్‌ఫైర్‌ను 2013లో సిస్కో 270 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ష్వెడ్ మాత్రం 2024 చివరిదాకా సీఈఓ కుర్చీ వదల్లేదు.

మీ తాతయ్య,
హైదరాబాద్