పూరేకుల చొక్కా తొడుక్కునే పురుగు

చిట్టితల్లీ, బుజ్జీ,

మీరు పంపిన ఫోటోని పెద్దది చేసుకుని మరీ చూశాను. వరండా లైటు పక్కన గోడకు అతుక్కుపోయినట్టున్న ఆ లేతాకుపచ్చ రెక్కల పురుగు పేరు ‘వేవీ లైన్డ్ ఎమరాల్డ్’. శాస్త్రంలో ‘సింక్లోరా ఎయిరాటా’ అంటారు.

రెక్కలు పరిచినా ఇంచీ ఉండదు. రెక్కల మీద తెల్లటి గీతలు మెలికల ముగ్గులా వంకీలు తిరిగి ఉంటాయి. అమెరికాలో ఇలాంటి పచ్చ పురుగులు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి గీతలు చూసి ఆగిపోకండి. పొట్ట పైభాగాన, వెన్ను పొడవునా తెల్లటి చార ఉందా? నెమోరియా జాతి పురుగులు చాలావాటికి అక్కడ చారకు బదులు చుక్కలుంటాయి. ‘బ్లాక్‌బెర్రీ లూపర్’ అనే ఇంకో పచ్చ పురుగుకైతే రెక్కల మీద గీతలు తిన్నగా ఉంటాయి. ఈ పచ్చరంగు పాతబడితే వెలిసిపోతుంది, అందుకని రంగును మాత్రం నమ్మొద్దు.

అసలు చూడాల్సింది దీని పిల్లపురుగుని. పోయిన వేసవిలో న్యూజెర్సీలో మీ పెరట్లో నల్లబొడ్డు పసుపుపూల దగ్గర కూర్చున్నాను. గాలి లేదు. పువ్వు మధ్యలో ఓ రేకుముక్క మాత్రం అటూ ఇటూ ఊగింది. కళ్లజోడు సర్దుకుని వంగి చూస్తే, అది పురుగు! పూరేకుల్ని ముక్కలుగా కొరికి, నోట్లోంచి తీసే పట్టుదారంతో వీపుకి అంటించుకుంది. ఆ ముక్కలు వాడిపోతే తీసేసి కొత్తవి పెట్టుకుంటుంది. వేరే రంగు పువ్వు మీదికి మారితే చొక్కా రంగూ మారుతుంది. పిట్టల కంట పడకుండా ఉండటానికే ఇదంతా. తినేదీ ఆ పువ్వునే. చేమంతి కుటుంబపు పూలంటే దీనికి ప్రాణం. చలికాలమంతా సగం ఎదిగిన పిల్లపురుగుగానే గడిపేస్తుంది.

నడక చూస్తే నాకు మన ఊళ్లో ఆముదం చేలోని దాసరి పురుగు గుర్తొచ్చింది. అదీ ఇలాగే నడుం ఎత్తి ముందుకు జరుగుతుంది, కానీ దాని కుటుంబం వేరు. మీ పురుగుకి ముందు మూడు జతల కాళ్లు, వెనక రెండు జతలు. నడుమ ఏమీ లేవు. అందుకే వెనక కాళ్లను ముందు కాళ్ల దగ్గరికి లాక్కుని, జానతో కొలిచినట్టు నడుస్తుంది. ‘జియోమెట్రిడ్’ అన్న దీని కుటుంబం పేరుకి అర్థం కూడా అదే, నేలను కొలిచేది అని.

ఈ ఆదివారం పూలు కోయకుండా, ఒక్కో పువ్వు దగ్గర కాసేపు కదలకుండా నిలబడి చూడండి. కనిపిస్తే ఏ రంగు చొక్కా వేసుకుందో నాకు రాయండి.

మీ అమ్మమ్మ